చిటికెడు వెలుతురు

టార్చిలైటు ఇచ్చే కాంతిని లూమెన్లలో కొలుస్తారు. ఒక మైనపువత్తి నలుదిక్కులకూ వెదజల్లే వెలుగంతా పోగేస్తే సుమారు 12 లూమెన్లు. రెండు పెద్ద సెల్లులు వేసుకునే పాతకాలపు టార్చి, సెల్లులు కొత్తగా ఉన్నప్పుడు కూడా, ఇచ్చింది దాదాపు 10. పొలం గట్ల మీద, బావి దగ్గర, గొడ్ల చావిట్లో తరాల పాటు రాత్రి పనులన్నీ సాగింది ఈ మైనపువత్తి పాటి వెలుగులోనే. వత్తి వెలుగు చుట్టూ చెదిరిపోతుంది. టార్చి అదే వెలుగును రిఫ్లెక్టరుతో ఒడిసిపట్టి ఒక్క వైపుకే పంపుతుంది. దాని బలమంతా అక్కడుంది.

ఇప్పుడు దుకాణంలో టార్చి అడిగితే అట్టపెట్టెల మీద వేలల్లో అంకెలు కనిపిస్తాయి. 1000 లూమెన్లు, 2000 లూమెన్లు, అయిదారు రకాల మినుకులు. వాటికి పని లేదని కాదు. చెరువుకట్ట అవతల ఏముందో చూడాలన్నా, అడవిలో తప్పిపోయిన మనిషిని వెతకాలన్నా అవి కావలసిందే. ఇంట్లో రోజూ చేతికందే టార్చికి మాత్రం అంత బలం అక్కరలేదు. చాలా సందర్భాల్లో ఆ బలమే అడ్డం కూడా. 5 నుంచి 20 లూమెన్ల వెలుగు, ఒకే ఒక్క స్విచ్చి, కిరాణా కొట్టులో దొరికే సెల్లు ఉంటే మంచి ఇంటి టార్చి అయినట్టే.

కంటికి ఎంత కావాలి?

10 లూమెన్లను ఒక చదరపు మీటరు నేల మీద పరిస్తే అక్కడ పడే కాంతి 10 లక్స్. మబ్బులేని రాత్రి నిండు పున్నమి వెన్నెల 0.25 లక్స్‌కు అటూ ఇటూగా ఉంటుంది. అంటే పాత టార్చి అడుగు వేయబోయే చోట వెన్నెలకు 40 రెట్లు వెలుగు వేసేది. వెన్నెల్లోనే బాట తెలుస్తుంది, ఎదురుగా వచ్చేది మనిషో గొడ్డో తెలుస్తుంది. అంతకు 40 రెట్లంటే గట్టు మీది తుమ్మముల్లు, చెప్పు పక్కన కదిలిన తేలు, మందుసీసా మీద అచ్చువేసిన పేరు కూడా కనిపిస్తాయి.

కాంతిని పెంచుకుంటూ పోతే చూపు కూడా అదే లెక్కన పెరుగుతుందనుకోవడం పొరపాటు. వెలుగును 10 రెట్లు చేస్తే కంటికి అది రెట్టింపు కన్నా కాస్త ఎక్కువగా మాత్రమే తోస్తుంది. సెల్లు మాత్రం 10 రెట్లు వేగంగా ఖాళీ అవుతుంది.

చీకటికి అలవాటు పడడం అనేది ఇంకో సంగతి. రెటీనాలో రంగులు చూసే శంకుకణాలు చీకట్లో 10 నిమిషాలకల్లా సర్దుకుంటాయి. మసక వెలుగులో పనిచేసే దండకణాలకు అరగంట దాకా పడుతుంది. ఆ అరగంటలో కణాల్లో రొడాప్సిన్ అనే వర్ణద్రవ్యం మెల్లగా తిరిగి చేరుతుంది. పెద్ద వెలుగు ఒక్కసారి కళ్ళల్లో పడితే అది విరిగిపోతుంది, అరగంట లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. అర్ధరాత్రి లేచి బాత్రూముకు వెళ్ళే పెద్దాయన 500 లూమెన్ల టార్చి వేసి, తెల్లటి టైల్స్ మీద నుంచి ఎదురుకొట్టిన వెలుగుకు కళ్ళు మూసుకుని, అది ఆర్పిన తరువాత మంచం అంచు కూడా కనపడక తడుముకునేది ఇందువల్లే. అక్కడికి 1 లూమెన్ చాలు. వయసు మీరిన కళ్ళు లోపలికి తీసుకునే కాంతి తక్కువ కాబట్టి చిన్న అక్షరాలు చదవడానికి వారికి ఎక్కువ వెలుగు కావాలన్నది నిజమే. నడవడానికి మాత్రం అక్కరలేదు.

రైలు స్లీపర్ బోగీలో తెల్లవారుజామున మూడింటికి దిగవలసిన స్టేషను వస్తుంది. బెర్తు కింద చెప్పులు, గొలుసుతో కట్టిన సూట్‌కేసు, దాని వెనక్కి దొర్లిన నీళ్ళసీసా. వేళ్ళ మధ్య పట్టిన చిన్న టార్చి ఆ మూడింటినీ చూపించి ఊరుకుంటుంది, ఎదుటి బెర్తులో పసిపిల్ల లేవదు. సినిమా హాల్లో ఆట మొదలయ్యాక వచ్చినవాళ్ళకు సీట్లు చూపించే మనిషి చేతిలో ఎప్పుడూ ఉన్నది ఇలాంటి టార్చే. దాన్ని కిందికి వంచి, మెట్టు అంచు మీద మాత్రమే వెలుగు పడేలా పట్టుకోవడం అతను నేర్చిన పనితనం. డాక్టరు జేబులోని పెన్ను టార్చి సంగతీ అంతే. కనుపాప ముడుచుకుంటుందో లేదో, గొంతులో వాపు ఉందో లేదో చూడడానికి మెత్తని చిన్న వెలుగే తగినది. కళ్ళు చెదిరే తెల్లకాంతి రోగిని బాధపెడుతుంది.

పెట్టె మీది అంకెల గురించి ఒక మాట. టార్చిలను కొలిచే ఆన్సీ ఎఫ్‌ఎల్‌1 ప్రమాణం అమెరికాలో 2009లో వచ్చింది. చాలా కంపెనీలు దాన్నే పాటిస్తున్నాయి. దాని ప్రకారం టార్చి ‘దూరం’ అంటే వెలుగు 0.25 లక్స్‌కు, అంటే వెన్నెలంతకు, పడిపోయే చోటు. 100 మీటర్లని రాసి ఉంటే అంత దూరంలో వెన్నెలంత వెలుగు పడుతుందనే తప్ప అక్కడి మనిషిని పోల్చుకోవచ్చని కాదు. ‘ఇన్ని గంటలు’ అన్న అంకెను కూడా జాగ్రత్తగా చదవాలి. వెలిగించిన 30 సెకన్లకు ఉన్న కాంతి పదో వంతుకు దిగేదాకా పట్టే సమయమది. 1000 లూమెన్ల టార్చి మూడు గంటలు వెలుగుతుందంటే, చివరికి మిగిలేది 100 లూమెన్లే. పైగా అలాంటి టార్చి కొద్ది నిమిషాల్లోనే చెయ్యి కాలేలా వేడెక్కి, తనంతట తానే వెలుగు తగ్గించుకుంటుంది.

మెరిసి ఆగే దీపం

ఒంపితే కారిపోయే సెల్లుతో టార్చి సాధ్యం కాదు. 1866లో ఫ్రాన్స్‌లో జార్జ్ లెక్లాంషే చేసిన సెల్లు గాజుకూజాలో ద్రవం పోసినది. 1886లో జర్మనీలో కార్ల్ గాస్నర్ ఆ ద్రవాన్ని ముద్దగా మార్చి జింకు డబ్బాలో బిగించాడు. డ్రై సెల్లు అలా పుట్టింది. ఇప్పటికీ పెద్ద టార్చిల్లో వేసే లావుపాటి సెల్లు కొలత 1898లో అమెరికాలో నేషనల్ కార్బన్ కంపెనీ తెచ్చినది. ఆ మరుసటి ఏడాది, 1899 జనవరి 10న, న్యూయార్కులో డేవిడ్ మిసెల్ అనే ఆయనకు టార్చి మీద పేటెంటు దక్కింది. రష్యా సామ్రాజ్యం నుంచి వలస వచ్చిన కాన్రాడ్ హ్యూబర్ట్ కంపెనీ ఆ పేటెంటును చేతికి తీసుకుంది. కాగితపు గొట్టంలో వరసగా సెల్లులు, ఒక చివర బల్బు, దాని వెనక ఇత్తడి రిఫ్లెక్టరు. 125 ఏళ్ళు గడిచినా ఆ ఆకారం మారలేదు. హ్యూబర్ట్ కొన్నిటిని న్యూయార్కు పోలీసులకు ఉచితంగా ఇచ్చి వాడి చూడమన్నాడు. ఆ కంపెనీయే తరువాత ఎవర్‌రెడీ అయింది.

అప్పటి కార్బన్ ఫిలమెంటు బల్బు కరెంటును విపరీతంగా తాగేది. సెల్లులు కాసేపు వెలిగించగానే నీరసించేవి, విశ్రాంతి ఇస్తే మళ్ళీ కోలుకునేవి. అందుకే మెరిపించి ఆపడమే వాడే పద్ధతి అయింది. అమెరికాలో దాన్ని ఫ్లాష్‌లైట్ అనడం అందుకే. బ్రిటిష్ వాళ్ళు కాగడా మాటను దానికి అతికించి టార్చి అన్నారు, ఆ మాటే తెలుగులోకి వచ్చింది. పల్లెల్లో చాలామందికి అది బ్యాటరీ లైటు. కొన్నిచోట్ల ఉత్త బ్యాటరీ అన్నా అర్థమవుతుంది.

భారతదేశానికి ఎవర్‌రెడీ సెల్లులు మొదట దిగుమతిగా వచ్చాయి. 1939లో కలకత్తాలో సెల్లుల ఫ్యాక్టరీ, 1958లో లక్నోలో టార్చిల ఫ్యాక్టరీ వెలిశాయి. ఆ కంపెనీ చాలాకాలం యూనియన్ కార్బైడ్ ఇండియా పేరుతో నడిచింది. 1984 భోపాల్ విషవాయు దుర్ఘటన తరువాత, 1994లో యాజమాన్యం చేతులు మారి, ఎవర్‌రెడీ ఇండస్ట్రీస్ అన్న పేరు వచ్చింది. హైదరాబాదు మౌలాలిలోనూ దానికి సెల్లుల ఫ్యాక్టరీ ఉండేది. తెలుగు నేల మీదే పుట్టిన సెల్లు నిప్పో. 1972లో పి. ఓబుల్ రెడ్డి స్థాపించిన ఇండో నేషనల్ కంపెనీ జపాన్ మత్సుషిత సంస్థ సాంకేతిక సహకారంతో నెల్లూరులో దాన్ని తయారుచేసింది. ఎవర్‌రెడీ జీవన్‌సాథీ ఇత్తడి టార్చి ఎన్నో ఇళ్ళలో పెద్దల తదనంతరం పిల్లల చేతికి వచ్చిన వస్తువు.

అరిగిన సెల్లులను ఎండలో పెట్టడం ప్రతి ఊళ్ళోనూ ఉన్న అలవాటు. అది ఉత్త నమ్మకం కాదు. వేడికి లోపలి రసాయన చర్య చురుకవుతుంది, అడుగున మిగిలిన కాస్త శక్తి బయటికి వస్తుంది. కొత్త శక్తి మాత్రం పుట్టదు. రెండు మూడు రోజులు వాడకుండా ఉంచినా సెల్లు కొంత కోలుకునేది ఇలాగే: కార్బన్ కడ్డీ చుట్టూ ఉన్న మాంగనీస్ డయాక్సైడ్ పొడికి తన పని పూర్తి చేసుకునే వ్యవధి దొరుకుతుంది.

ఎల్‌ఈడీ ఏం మార్చింది

పాత బల్బు తీసుకున్న విద్యుత్తులో ఎక్కువ భాగం వేడిగా పోయేది. 10 లూమెన్లకు దానికి ఒక వాటు పైగా కావాలి. మంచి తెల్ల ఎల్‌ఈడీ వాటుకు 100 లూమెన్ల దాకా ఇస్తుంది, కాబట్టి అదే 10 లూమెన్లకు వాటులో పదో వంతు సరిపోతుంది. నీలి ఎల్‌ఈడీ సాధించిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురాలకు 2014లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. ఆ నీలి వెలుగు మీద పసుపు ఫాస్ఫర్ పూతను పూస్తే తెల్లకాంతి వస్తుంది. టార్చి తల తిప్పి లోపలికి చూస్తే చిన్న పచ్చటి చుక్కలా కనిపించేది ఆ పూతే.

ఈ పొదుపును రెండు దారుల్లో వాడుకోవచ్చు. సెల్లు అంతే ఉంచి వెలుగు పెంచుకోవడం ఒకటి, వెలుగు అంతే ఉంచి గంటలు పెంచుకోవడం ఒకటి. మార్కెట్టు మొదటి దారి పట్టింది. ఇంటికి పనికొచ్చేది రెండోది. గోడగడియారంలో వేసే ఆల్కలైన్ సెల్లులో సుమారు 3 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. సర్క్యూటులో పోయేది పోగా, 10 లూమెన్ల టార్చి దానితో 20 గంటలకు అటూ ఇటూగా వెలుగుతుంది. 1 లూమెన్‌తో సరిపెట్టుకుంటే, లెక్క ప్రకారం, రాత్రీ పగలూ ఏకధాటిగా వారం రోజులు.

ఎల్‌ఈడీ వెలగడానికి దాదాపు 3 వోల్టులు కావాలి, ఒక సెల్లు ఇచ్చేది ఒకటిన్నర. రెండు సెల్లుల టార్చిలో ఆ ఇబ్బంది లేదు. సెల్లులు అరిగేకొద్దీ వెలుగు మెల్లగా మందగిస్తుంది, మార్చే వేళయిందని ముందే చెబుతుంది. ఒకే సెల్లున్న టార్చిలో వోల్టేజీని పెంచే చిన్న సర్క్యూటు ఉంటుంది. అది మంచిదైతే గడియారం తిప్పలేక ఆగిపోయిన సెల్లులోంచి కూడా మిగిలింది పిండుతుంది. గడియారానికి పనికిరాని సెల్లు పడకగది టార్చిలో ఇంకొన్ని రాత్రులు వెలగడం అలాంటి టార్చి ఉన్న ఇళ్ళలో మామూలే. కొన్ని సర్క్యూటులు చివరిదాకా ఒకే వెలుగు ఇచ్చి ఉన్నట్టుండి ఆరిపోతాయి. గట్టు మీద నడిచేవాళ్ళకు అది ప్రమాదం, వాళ్ళకు మెల్లగా మందగించేదే మేలు.

రంగును కూడా చూసుకోవాలి. చవక ఎల్‌ఈడీల వెలుగు నీలం కొడుతుంది. ఆ వెలుగులో రక్తపు మరకకూ మట్టి మరకకూ తేడా సరిగా తెలియదు, వానాకాలం ఉసిళ్ళు కూడా దాని చుట్టూనే ఎక్కువగా మూగుతాయి. కాస్త పసుపుదనం ఉన్న వెలుగు కంటికి హాయి, పురుగుల బాధా తక్కువ.

చేతికి నచ్చినవి

చిన్న టార్చిలను ఇష్టపడేవారు ప్రపంచమంతటా ఉన్నారు. వాళ్ళు పదేపదే చెప్పుకునే పేర్లు కొన్నే. అమెరికాలో మాగ్‌లైట్ 1988లో తెచ్చిన సాలిటేర్, టీవీ రిమోట్‌లో వేసే సన్న సెల్లు ఒక్కటి తీసుకుని 2 లూమెన్లు మాత్రమే ఇచ్చేది. అంత కొంచెం వెలుగుతోనే లక్షల తాళంగుత్తులకు వేలాడింది. 2000 దశకం మొదట్లో వచ్చిన ఆర్క్ ట్రిపుల్ఏ అదే సెల్లుకు ఎల్‌ఈడీని జతచేసింది. చైనా కంపెనీ ఫీనిక్స్ తెచ్చిన ఈ01 ఆ దారినే ఇంకా ముందుకు తీసుకెళ్ళింది. వేలెడంత లోహపు గొట్టం, తల తిప్పితే 10 లూమెన్ల ప్రాంతంలో ఒకే వెలుగు, మరో మోడ్ లేదు. గొట్టంలో చెడిపోయే స్విచ్చే లేకపోవడం దాని గొప్పతనం. గుండీ సెల్లులతో నొక్కితే వెలిగే ఫోటాన్ లైటు వీటన్నిటికన్నా చిన్నది. తాళం చెవి కన్నం వెతకడానికి అంతకన్నా అక్కరలేదు.

ఇప్పటి పెద్ద టార్చిల్లోనూ కొన్నిటికి 1 లూమెన్ కన్నా తక్కువ ఇచ్చే మూన్‌లైట్ మోడ్ ఉంటుంది. ఉండడం మంచిదే, కానీ దాన్ని చేరడానికి ఎన్ని నొక్కులు నొక్కాలన్నది ముఖ్యం. తడిచేతులతో, నిద్రకళ్ళతో నొక్కినప్పుడు ముందు 1000 లూమెన్లు, తరువాత టపటపా కొట్టుకునే మెరుపు వస్తే ఆ టార్చి ఇంటి పనికి రాదు. ముందుకు తోస్తే వెలిగి, వెనక్కి లాగితే ఆరే స్విచ్చిని ఎనభై ఏళ్ళ అమ్మమ్మకూ ఆరేళ్ళ మనవడికీ ఎవరూ నేర్పనక్కరలేదు.

చార్జింగు పెట్టుకునే చవక టార్చిల గురించి హెచ్చరిక అవసరం. వాటిలో చాలావాటిలో సీసం, ఆమ్లం ఉన్న చిన్న బ్యాటరీ ఉంటుంది. పూర్తిగా ఖాళీ చేసి నెలల తరబడి అలమరలో పడేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడి మళ్ళీ చార్జి ఎక్కదు. రోజూ వాడి, రోజూ చార్జింగు పెట్టే ఇంటికి అది పరవాలేదు. ఎప్పుడో ఒకసారి తీసేవారికి సెల్లుల టార్చే నమ్మకం. ఫోను లైటు చేతిలో ఉండగా మరొకటి ఎందుకన్న ప్రశ్న సహజమే. ఫోను వెలుగు దగ్గరే పరుచుకుంటుంది, దూరం పోదు. నోట్లో కరచిపట్టి రెండు చేతులతో ఫ్యూజు వేసే వీలు ఫోనుతో లేదు. వానలో, బావి గట్టు మీద దాన్ని తీయడానికి ఎవరికైనా చెయ్యి రాదు.

గట్టు మీద, గాలివానలో

భారతదేశంలో పాముకాటుతో ఏటా సగటున 58,000 మంది చనిపోతున్నారని 2020లో వెలువడిన అధ్యయనం తేల్చింది. 2000 నుంచి 2019 వరకు లెక్క అది. ఆ మరణాల్లో దాదాపు 70 శాతం ఎనిమిది రాష్ట్రాల్లోనే జరిగాయి, తెలంగాణతో కలిపి ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు లోపు, నాట్లు, కలుపు పనులు సాగే రోజుల్లోనే. వ్యవసాయానికి కరెంటు రాత్రిపూట ఇచ్చిన ఏళ్ళలో రైతులు మోటారు వేయడానికి చీకట్లో గట్ల వెంబడి నడిచేవారు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి పొలాలకు 24 గంటల సరఫరా మొదలైంది. అయినా నీళ్ళు మళ్ళించడానికి, పందుల కాపలాకు రాత్రి నడక పూర్తిగా తప్పలేదు. రక్తపింజరి గట్టు మీద కదలకుండా పడి ఉంటుంది, మట్టిరంగులో కలిసిపోతుంది. అడుగు వేయబోయే చోట వెలుగు పడడం ఒక్కటే దాని నుంచి కాపాడుతుంది. ఇళ్ళలో నేల మీద పడుకున్నవారిని రాత్రివేళ కట్లపాము కరుస్తుంది. పక్క వేసే ముందు ఒక్కసారి టార్చి వేసి చూడడం మంచి అలవాటు.

టార్చిని కంటి ఎత్తులో పట్టుకుంటే వెలుగు, చూపు ఒకే దారిన పోతాయి. నీడలు వస్తువుల వెనక దాక్కుంటాయి, నేల చదునుగా కనిపిస్తుంది. చేయి కిందికి జార్చి మోకాలి ఎత్తులో పట్టుకుంటే వెలుగు నేలను ఒరుసుకుంటూ పోతుంది. అప్పుడు ప్రతి రాయికీ, పుల్లకూ, గడ్డిలో చుట్టకూ పొడుగాటి నీడ పడుతుంది. ఈ పట్టులో 10 లూమెన్లు చూపించేదాన్ని తలకు కట్టుకున్న 300 లూమెన్లు చూపించలేకపోవచ్చు. తప్పిపోయిన మేకనో దూడనో వెతకడానికి మాత్రం పట్టు తిరగబడాలి. కంటి పక్కనే పట్టుకుంటే చీకట్లో వాటి కళ్ళు తళుక్కుమని దొరికిపోతాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద విరుచుకుపడింది. స్తంభాలు కూలి చాలా ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. అలాంటి రాత్రుల్లో లెక్కకు వచ్చేది వెలుగు ఎంతన్నది కాదు, ఎన్ని రాత్రులన్నది. టార్చిని గ్లాసులో నిలబెట్టి సున్నం వేసిన కప్పు వైపు తిప్పితే వెలుగు గదంతా పరుచుకుంటుంది. పదడుగుల గదిలో 20 లూమెన్లతో నేల మీద వెన్నెలకు కొన్ని రెట్లు పడుతుంది. అన్నం వడ్డించుకోవడానికి, పిల్లలు భయపడకుండా ఉండడానికి అది సరిపోతుంది. మూత పెట్టిన నీళ్ళసీసా కింద పెడితే సీసా మొత్తం లాంతరులా వెలుగుతుంది.

టార్చిలు ఎక్కువగా చచ్చేది వాడకం వల్ల కాదు, లోపల మరచిపోయిన సెల్లులు కారి. కార్బన్ సెల్లులో జింకు డబ్బా కరిగి కరెంటుగా మారుతుంది కాబట్టి అరిగేకొద్దీ గోడ పలచబడి చిల్లిపడుతుంది. ఆల్కలైన్ సెల్లు కారితే స్ప్రింగు చుట్టూ తెల్లటి పొడి పెరుగుతుంది. అది క్షారం, చేతికి తగలనీయకూడదు. దూదికి నిమ్మరసం అద్ది తుడిస్తే నురగ కట్టి వదులుతుంది. తరువాత తడిగుడ్డతో తుడిచి ఎండబెట్టాలి. పాత సెల్లు, కొత్త సెల్లు కలిపి వేయకూడదు. కొత్తది పాతదాన్ని మరీ లాగేసి కారేలా చేస్తుంది. నెలల పాటు పక్కన పెట్టేటప్పుడు సెల్లులు బయటికి తీయాలి, లేదా మధ్యలో కాగితం ముక్క పెట్టాలి. అయిపోయిన సెల్లులను పొయ్యిలో పడేస్తే లోపలి ఒత్తిడికి పేలతాయి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చిన్న సెల్లులకూ వర్తిస్తాయి, చెత్తబుట్టలో కాకుండా విడిగా ఇవ్వాలి.

ఇక దాన్ని ఉంచే చోటు. తలుపు పక్క మేకుకో, తలగడ దగ్గరో ఒక చోటు ఖాయం చేసి, వెనక మూత మీద చీకట్లో మెరిసే స్టిక్కరు ముక్క అంటించాలి. టీవీ రిమోట్ ఆగిపోయిన సాయంత్రం ఇంట్లో చేతులన్నీ మొదట టార్చి సెల్లుల మీదికే పోతాయి కాబట్టి, పక్కనే ఒక కొత్త జత వేరుగా ఉంచాలి.